వంజరమని పంపిన చేప

నాచారం,
జూన్ మొదటివారం.

ఒరే శశీ,

ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తవు. మెసేజ్ పెడితే చూసినట్టు నీలం గీతలు పడతాయి గానీ జవాబు రాదు. పోనీలే, ఇది ఫోన్లో చెప్పే సంగతి కూడా కాదు. హాల్లో మీ బావగారు కూర్చుని ఉంటారు, ఆయన వింటుండగా ఈ మాటలు నా నోటి నుంచి రావు. అందుకే స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. తలుపు వేసుకుని చదువు. అన్నం తిన్న వెంటనే మాత్రం చదవకు.

మీ బావగారి రిటైర్మెంట్ దావత్ మొన్న ఆదివారం మేడ మీద పెట్టాం. నువ్వు రాలేదు గానీ నీ ఐసు పెట్టె వచ్చింది. పైన "వంజరం, ఫస్ట్ క్వాలిటీ, ఎక్స్‌పోర్ట్ సరుకు" అని స్కెచ్ పెన్నుతో రాసి మరీ పంపావు. వంటకు దుర్గమ్మను పిలిచాం. మల్లాపూర్‌లో ఒక షట్టర్ అద్దెకు తీసుకుని ఫ్యాక్టరీ వాళ్ళకు అన్నం, కూరలు అమ్ముతుంది. జనగామ వైపు మనిషి. ఆమె భర్త బిక్షపతి ఆ పక్కనే లేత్ వర్క్‌షాపులో పనిచేస్తాడు. మా కాలనీలో చిన్న చిన్న ఫంక్షన్లన్నిటికీ ఆమే వండిపెడుతుంది.

చేప వేపుడు మీద అందరూ ఎగబడ్డారు. వెన్నలా కరిగిపోతోందన్నారు. మీ బావగారి పై ఆఫీసరు చంద్రశేఖర్ గారు సిగ్గుపడకుండా మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. నేనూ తిన్నాను.

మర్నాడు మొదలైందిరా. కడుపునొప్పి లేదు, వికారం లేదు, వస్తున్నానని ఒక హెచ్చరిక లేదు. కూర్చున్నవాళ్ళకు కూర్చున్నట్టే, నిలబడ్డవాళ్ళకు నిలబడ్డట్టే, నారింజ రంగు నూనె. అవును, నూనె. బట్టలోంచి ఇంకి కిందకు జారే నూనె. చంద్రశేఖర్ గారు ఆఫీసు మీటింగులో మీగడ రంగు ప్యాంటుతో లేచి నిలబడితే వెనక వరసవాళ్ళు తల దించుకున్నారట. ఆయన భార్య రామంతాపూర్‌లో షేర్ ఆటో దిగితే డ్రైవర్ సీటు చూసి బజార్లో అరిచాడట. ఇక నేను. కరివేపాకు కూడా రెబ్బ రెబ్బ విడదీసి కడిగే మనిషిని, నీకు తెలుసు. కొత్త సోఫా మీద కూర్చుని టీవీ చూస్తున్నాను. అంతకన్నా రాయలేను. ఆ సోఫా కవర్లు ఉతకలేదు. మూటకట్టి చెత్తబండిలో వేశాను. చీర వేశాను, బకెట్టు కూడా వేశాను. వాసన పోయిందని మీ బావగారు అంటారు. నా ముక్కు ఒప్పుకోవడం లేదు. అన్నంలో నెయ్యి వేసుకుంటే అదే గుర్తొచ్చి కంచం ముందు నుంచి లేచిపోతున్నాను.

మీ బావగారి గొప్ప కూడా విను. జీవితమంతా ల్యాబ్ వర్క్‌షాపులో మెషీన్ల మధ్య గడిపిన మనిషి కదా. మరకను కాగితం మీదకు ఎత్తి, కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి, రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశారు. ఛీ, అన్నం కలుపుకునే వేళ్ళురా అవి! "స్పిండిల్ ఆయిల్. లేత్ మెషీన్లకు పోసేది. అనుమానమే లేదు" అని తేల్చేశారు. దుర్గమ్మ మొగుడు లేత్ పనివాడు. ఇంకేం కావాలి? మొగుడు వర్క్‌షాపు నుంచి తెస్తాడు, పెళ్ళాం మూకుట్లో పోస్తుంది. ఆయన ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఇదే చెప్పారు.

నేను ఊరుకుంటానా? మల్లాపూర్ వెళ్ళి, వర్కర్లు మధ్యాహ్నం అన్నం తింటుండగా అందరి ముందూ అడిగేశాను, మెషీన్ ఆయిల్ పోసి మనుషులకు పెడతావా అని. తింటున్నవాళ్ళు ప్లేట్లు వదిలేసి లేచారు. "గట్లనకమ్మా. నా పొట్ట మీద గొట్టకు" అంది దుర్గమ్మ. నేను వినలేదు.

నీ చేప మంచిదేనని ఒక ముక్క రాసి పంపు. ఆమె మొహాన కొట్టి వస్తాను.

ఇంకా స్నానం మీద స్నానం చేస్తున్న
నీ అక్క సూర్యకళ

*

విశాఖపట్నం,
జూన్.

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. మా చేపల కంపెనీ కోల్డ్ స్టోరేజీలో ఉన్నప్పుడు ఫోన్ లాకర్‌లో పెట్టాలి, అందుకే ఎత్తలేకపోయాను. వేరే కారణం లేదు.

బావగారి దావత్ ఘనంగా జరిగిందని విని సంతోషించాను. చంద్రశేఖర్ గారంతటి వారు కూడా వచ్చారంటే మామూలు మాట కాదు. బావగారి మంచితనం అలాంటిది.

చేప వంజరమేనక్కా. నేనే దగ్గరుండి ఐసు వేయించాను. వంటనూనె సంగతి నేను ఇక్కడి నుంచి ఏం చెప్పగలను? బావగారు స్పిండిల్ ఆయిల్ అన్నారంటే ఆయనకు తెలియనిది ఏముంటుంది! ఇప్పుడు అందరికీ తగ్గిపోయింది కదా. తగ్గినదాన్ని తవ్వుకోవడం ఎందుకు? వంటామెను కూడా ఇంకేమీ అనకు. పాపం, పోనీ.

ఎవరైనా మరీ ఎక్కువ ముక్కలు తిన్నారా? ఊరికే అడుగుతున్నాను. పెట్టెలో ఇంకా మిగిలి ఉంటే పారేయక్కా. మీకు కరెంటు పోతుంటుంది కదా, చేప పాడైపోయి ఉంటుంది. పిల్లికి కూడా పెట్టకు.

నీ మరదలు మానస నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ తమ్ముడు
శశిధర్

*

నాచారం,
జులై, బోనాల ముందు.

శశీ,

పిల్లికి కూడా పెట్టవద్దన్నావు. ఆ ఒక్క మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. అడగని సంగతి నువ్వు చెప్పావంటే దాని వెనక ఏదో ఉందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

లాలాపేట నుంచి మీ బావగారి కింద పనిచేసిన అనిరుధ్, అతని భార్య వచ్చారు దావత్‌కి. వాళ్ళు చేప ముట్టరు. కానీ మిర్చి బజ్జీలు మాత్రం కడుపునిండా తిన్నారు. ఆ బజ్జీలు వేయించిన మూకుడులోనే, అదే నూనెలో, తర్వాత చేప వేయించడం నేను దగ్గరుండి చూశాను. నిన్న ఆ పిల్ల కనిపిస్తే అడిగాను. వాళ్ళకేమీ కాలేదట. మరి నూనెది తప్పెలా అవుతుందిరా?

ఇంటికొచ్చి ఫ్రీజర్ అడుగున ఉండిపోయిన ప్యాకెట్ తీశాను. కరిగాక చూస్తే ఒక ముక్కకు అంచున కాస్త తోలు మిగిలి ఉంది. వేలు పెట్టగానే గీసుకుంది. కొబ్బరి కోరాములా ఉంది, ముళ్ళు ముళ్ళుగా, నల్లగా. మనం కాకినాడలో పుట్టినవాళ్ళం. అమ్మ వంజరం తెస్తే తోలు మీద చెయ్యి జారిపోయేది. కళ్ళు మూసుకుని చెప్పగలను ఇది వంజరం కాదని. నాకు ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టయింది. చెయ్యి సబ్బుతో, తర్వాత నిమ్మచెక్కతో, తర్వాత మళ్ళీ సబ్బుతో కడిగాను. ముక్కల్ని మాత్రం పారేయలేదు. మూడు కవర్లు చుట్టి మళ్ళీ లోపల పెట్టాను.

దుర్గమ్మ పరిస్థితి చెబుతాను. నా అరుపు ఎవరో ఫోన్లో తీశారట, మల్లాపూర్ అంతా తిరిగింది. ఇప్పుడు ఆమె షట్టర్‌ను "గ్రీజు హోటల్" అంటున్నారు. అన్నానికి ఎవరూ రావడం లేదు. బోనాలకు మూడు వీధుల వంట ఒప్పుకుందట, అందరూ వద్దన్నారు. షట్టర్ యజమాని మొగిలయ్య శ్రావణం రాకముందే ఖాళీ చేయమన్నాడు. బిక్షపతిని వర్క్‌షాపులో ఆయిల్ డబ్బా దగ్గరకు రానివ్వడం లేదు, దొంగను చూసినట్టు చూస్తున్నారు.

నిన్న వెళ్ళాను. ఆమె ఖాళీ బల్లల మధ్య కూర్చుని ఉంది. "ఏందమ్మా, ఇంకేమన్న మిగిలిందా అననీకి?" అంది. కూర్చోమని కూడా అనలేదు. అనాల్సిన పని లేదు.

అది ఏం చేప? సూటిగా రాయి.

సూర్యకళ

*

విశాఖపట్నం,
జులై.

అక్కా,

కోపగించుకోకు. ఈ ఉత్తరం చదివి చింపేయి. బావగారికి చూపించకు.

అది వంజరం కాదు. దానికి మన భాషలో పేరున్నట్టు నేను వినలేదు. ఇంగ్లీషులో ఆయిల్‌ఫిష్ అంటారు. కొన్ని దేశాల్లో ఆముదం చేప అని కూడా అంటారట. ట్యూనా కోసం సముద్రంలో పొడుగు తాళ్ళకు గాలాలు కట్టి వదులుతారు కదా, వాటికి ఇవి కూడా తగులుకుంటాయి. ఎండ పొడ దిగని లోతులో, చీకట్లో బతికే చేప. మనిషంత పొడుగు, నల్లటి ఒళ్ళు, ఇంతింత కళ్ళు. మొదటిసారి ఐసు మీద చూసినప్పుడు నాకూ భయం వేసింది. ఒళ్ళంతా నువ్వన్నట్టే కొబ్బరి కోరాము.

అంత లోతున తేలుతూ ఉండాలంటే ఒంట్లో బరువు ఉండకూడదు. అందుకని దాని కండ నిండా ఒక రకం మైనం లాంటి నూనె ఉంటుంది. చేపకు అది పడవ లాంటిది. మనిషికి మాత్రం అది అరగదు. నాలుక్కి వెన్నలా ఉంటుంది, కడుపులో ఏమీ కాకుండా ఎలా వెళ్ళిందో అలాగే బయటకు వచ్చేస్తుంది. విషం కాదక్కా. ప్రాణానికి ప్రమాదం లేదు. ముక్క కోస్తే తెల్లగా, ముచ్చటగా ఉంటుంది, ఏది ఏ చేపో ఎవరికీ తెలియదు. కొన్ని దేశాల్లో అమ్మకూడదని చట్టం ఉంది. అందుకే మా దగ్గర ఆ పెట్టెలు పక్కన పడి ఉంటాయి.

పెట్టె మారిపోయింది. వంజరం పెట్టె అనుకుని అది ఎత్తాను. నాకు తెలియదు.

ఈ సంగతి బయటపడితే నా ఉద్యోగం పోతుంది. అలా పక్కన పెట్టిన పెట్టెల్లోంచి చేప బయటకు తీసుకెళ్ళకూడదు. దయచేసి ఎవరికీ చెప్పకు.

శశి

*

నాచారం,
జులై మూడోవారం.

శశిధర్,

నీ ఉత్తరం చింపలేదు. మీ బావగారికి చూపించాను. ఆయన చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, "అయినా అచ్చం స్పిండిల్ ఆయిల్‌లాగే ఉందే" అన్నారు. అందరికీ ఫోన్ చేసి చెప్పిన మాట వెనక్కు తీసుకోవాలంటే ఆయనకు తల తీసేసినట్టుంది. అప్పటి నుంచి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటున్నారు.

పెట్టె మారిపోయిందన్నావు. నమ్మాను. నమ్మి, మానసకు ఫోన్ చేశాను. నిన్ను పట్టిద్దామని కాదు, మల్లాపూర్‌లో చెప్పే ముందు ఆ చేప సంగతి ఇంకాస్త తెలుసుకుందామని. పాపం, నవ్వేసింది. "ఆ చేపా వదినా! పోయిన చలికాలం ఈయన తెస్తే తిన్నాం కదా. పరుపు పారేశాం. మళ్ళీ ఇంట్లోకి తెస్తే వంటింటికి తాళం వేస్తానన్నాను" అంది. అలా అంటూనే ఆగిపోయింది.

తెలిసి పంపావురా. నీ పరుపు మీద చూసిన దాన్ని నా సోఫా మీదకు పంపావు. వంజరం అని నీ చేత్తో రాసి పంపావు. ఆ నూనెను చూసి నాకు రోత పుట్టింది నిజమే. అది నీళ్ళతో పోయింది. నీ మీద పుట్టిన రోత ఏ సబ్బుతో పోతుందో నాకు తెలియడం లేదు. నీ అక్షరాలు చూస్తేనే చెయ్యి కడుక్కోవాలనిపిస్తోంది.

మల్లాపూర్ వెళ్ళి చెప్పాను. లేత్ షాపు దగ్గర అందరూ ఉండగా, తప్పు దుర్గమ్మది కాదు, చేపది అని చెప్పాను. బిక్షపతితో పనిచేసే ఉపేందర్ అనే అతను పగలబడి నవ్వాడు. "చేపల నుంచి మెషీన్ ఆయిల్ వస్తదా మేడం? అయితే మా ఓనర్‌కు జెప్పున్రి, రేపటి సంది చేపలే పిండుకుంటం" అన్నాడు. మొగిలయ్య అయితే, నేను దుర్గమ్మ మీద జాలిపడి కథ అల్లుతున్నాననుకున్నాడు. "మొదలు మీరే తిడితిరి, ఇప్పుడు మీరే పొగుడవడితిరి. మేమెవరిని నమ్మాలె?" అన్నాడు. అడిగినదాంట్లో తప్పేముంది?

నువ్వు రా. వచ్చి, ఆ చేప నేను పంపానని అక్కడ నిలబడి చెప్పు. అంతకన్నా నేను ఏమీ అడగను.

సూర్యకళ

*

విశాఖపట్నం,
జులై.

అక్కా,

మానస నాతో కూడా మాట్లాడటం లేదు.

తెలుసు. తెలిసే పంపాను. బావగారి రిటైర్మెంట్‌కు నేను పంపిన దాన్ని అందరూ చూసి, సూర్యకళ తమ్ముడు ఎక్స్‌పోర్ట్ సరుకు పంపాడని అనుకోవాలని. అంత వంజరం కొనే డబ్బు నా దగ్గర లేదు, ఆ పెట్టెలు ఊరికే పడి ఉన్నాయి. ఒకటి రెండు ముక్కలైతే ఏమీ కాదనుకున్నాను. మేం ఆ రోజు ఎక్కువ తిన్నాం. దావత్‌లో అందరికీ తలా ఒక ముక్క వస్తుందిలే, ఎవరికీ తెలియదులే అనుకున్నాను. వేరే రకం చేప అని చెబితే నువ్వు ముట్టుకోవు. అందుకని వంజరం అని రాశాను.

నేను రాలేను. అక్కడ ఎవరో ఫోన్లో తీస్తారు, అది ఇక్కడ మా మేనేజర్ దాకా వస్తుంది. జనం నాలుగు రోజులు అనుకుని మర్చిపోతారక్కా. ఆమె ఇంకో చోట షట్టర్ తీసుకోవచ్చు.

శశి

*

నాచారం,
ఆగస్టు.

ఒరే,

ఈ ఉత్తరం రాస్తూ రెండుసార్లు లేచాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

జనం మర్చిపోతారని రాశావు. మర్చిపోయేలోపల ఆమె షట్టర్ పోతుంది. అందుకని ఫ్రీజర్‌లో ఉన్న ప్యాకెట్ తీసుకుని మల్లాపూర్ వెళ్ళాను. మొన్న అన్నం వేళకు. మూకుడు, స్టవ్వు మా ఇంటి నుంచే తీసుకెళ్ళాను. నూనె మాత్రం నేను కొనలేదు. ఉపేందర్‌నే ఎదురు కిరాణా షాపుకు పంపాను. "నీకు నచ్చిన కంపెనీది, సీలు ఉన్నది తీసుకురా" అన్నాను. అతనే తెచ్చాడు, అతనే కత్తిరించాడు, అతనే పోశాడు. దుర్గమ్మను దూరంగా కూర్చోబెట్టాను, గరిటె కూడా ముట్టుకోనివ్వలేదు. నేనే వేయించాను.

ఆ ముక్కను నోట్లో పెట్టుకోవడం ఎలా ఉందో చెప్పనా? మంచి రుచిగా ఉందిరా. అదే మరీ అసహ్యం. తెలిసి కూడా నాలుకకు బాగానే ఉంది. కళ్ళు మూసుకుని, వాంతి రాకుండా పళ్ళు బిగించి, ఒక్క ముక్క తప్ప మిగిలినవన్నీ తిన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. "మేడంకు ఏమైంది?" అని ఎవరో అన్నారు.

"నవ్వింది చాలు. రేపు ఇదే వేళకు రండి" అని చెప్పి ఇంటికి వచ్చాను.

మర్నాడు తెల్ల నేత చీర కట్టుకున్నాను. మరక పడితే తెలియాలి కదా. మీ బావగారు చూసి ఏమిటిది అన్నారు. చెప్పాను. ఆయన పేపరు మడిచి, చెప్పులు వేసుకుని నాతో వచ్చారు. దుర్గమ్మ షట్టర్ ముందు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, వీధికి ఎదురుగా కూర్చున్నాను. వర్క్‌షాపుల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. కాసేపు నవ్వుకున్నారు. నేను ఎవరినీ చూడలేదు, చెత్తబండి వంక చూస్తూ కూర్చున్నాను.

వచ్చిందిరా. వచ్చినట్టే తెలియలేదు. తడి తగిలింది, అంతే. లేచి నిలబడి, వాళ్ళ వైపు వెనక్కు తిరిగాను. శశీ, చుట్టపక్కాల ముందు కూడా కొంగు సర్దుకోకుండా నిలబడని దాన్ని నేను. మల్లాపూర్ నడివీధిలో, పాతిక మంది మగవాళ్ళ ముందు, ఆ మరక చూపించాను. నాకు చచ్చిపోవాలనిపించింది. నా ఒళ్ళు నాది కాదనుకుని, ఎవరిదో అనుకుని నిలబడ్డాను.

ఒక్కరూ నవ్వలేదు. బిక్షపతి మొహం అటు తిప్పేసుకున్నాడు. ఉపేందర్ కిందకు చూస్తూ, "నేనే పోసిన నూనె" అన్నాడు. ఇంతలో వెనక నుంచి ఎవరో నా నడుముకు తువ్వాలు చుట్టారు. దుర్గమ్మ. "సాలమ్మా. సాలు. లోపలికి రా, గిట్ల నిలవడకు" అంటూ నన్ను పొదివి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. నీళ్ళు కాచింది. తన చీర ఇచ్చింది. నా చీర నేను పారేయబోతే లాక్కుని, తన చేత్తోనే ఉతికింది. నాకు కంపరం పుట్టిన దాన్ని ఆమె సబ్బు పెట్టి రుద్దుతూ, "ఏం గాదమ్మా, పిల్లలయి ఎన్ని ఉతకలే" అంది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. క్షమించమన్నాను. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని, "చాయ్ తాగుతవా?" అంది. తాగాను.

బయట మీ బావగారు ఫోన్ తీశారు. చంద్రశేఖర్ గారితో మొదలుపెట్టి, "నేను చెప్పింది తప్పు. అది స్పిండిల్ ఆయిల్ కాదు, చేపది" అని ఒక్కొక్కరికీ చెప్పడం లోపలికి వినిపించింది. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

నలుగురు అన్నానికి వచ్చారు. అందరూ కాదు. మొగిలయ్య మాత్రం ఇంకా మొండికేస్తున్నాడు. "మేడం తిన్నది జూసినం. కని ఈ చేపనే ఆనాటి చేప అని ఎవరు జెప్పాలె? పంపినాయన రావాలె గదా" అన్నాడు. అతనికి జవాబు నా దగ్గర లేదు. నీ దగ్గరుంది.

ఒక్క ముక్క మిగిల్చానని చెప్పాను కదా. దాన్ని డబ్బాలో పెట్టి, స్కెచ్ పెన్నుతో నీ పేరు రాసి ఫ్రీజర్‌లో ఉంచాను. కరెంటు పోయినా పాడవదు, ఐసు కొని పెడుతున్నాను.

అక్క

*

విశాఖపట్నం,
ఆగస్టు.

అక్కా,

నీ ఉత్తరం మానస చదివింది. చదివి నా బట్టల సంచి తెచ్చి గుమ్మంలో పెట్టింది. అందులో సర్దినవన్నీ తెల్ల బట్టలే.

మేనేజర్‌కు ఈ ఉదయం నేనే చెప్పాను. పెట్టె ఎక్కడి నుంచి తీశానో, ఏమని రాసి పంపానో, అంతా. ఆయన నన్ను ఉంచుతారో లేదో ఇంకా తెలియదు. ఎవరో తీసిన వీడియోలో ఆయన చూడటం కన్నా నేను చెప్పడమే మేలనిపించింది. నువ్వు అంతమంది మగవాళ్ళ ముందు నిలబడ్డావు. గది తలుపు వేసుకుని ఒక్క మనిషికి చెప్పడానికే నాకు చెమటలు పట్టాయి.

శనివారం ఉదయం దిగుతాను. స్టేషన్‌కు బావగారిని పంపకు, ఆయన మొహం ముందు చూస్తే నేను మళ్ళీ ఏదో ఒక అబద్ధం ఆడతాను. నేరుగా మల్లాపూర్ వచ్చేస్తాను. ఆ డబ్బా నువ్వు అక్కడికి తీసుకురా.

ఒక్క సంగతి. ఈసారి మీ ఇంటి మూకుడు వద్దు, కిరాణా షాపు నూనె వద్దు. ఆవిడ ఒప్పుకుంటే, అందరి ముందూ నేను తినే ఆ ముక్క దుర్గమ్మే వేయించాలి, ఆవిడ నూనెలోనే.

శశి